నవ్వింది మా నాన్నే

మర్రిపాలెం, విశాఖపట్నం
నవంబరు నెలాఖరు, ఆదివారం

ఒరే సత్తీ,

మొన్న నువ్వు ఫోన్లో అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పేద్దామనుకున్నాను గానీ, ఈలోగా గ్యాస్ బండ వాడు రావడం, లోపల్నించి అమ్మ కేకెయ్యడం, మాట తెగిపోయింది. అయినా ఫోన్లో నీతో వాదించడం నా వల్ల కాదు. నువ్వు మాట్లాడితే నేను వినాలి, నేను మొదలెడితే మళ్లీ నువ్వే అందుకుంటావు. అందుకే కాగితం తీశాను. ఉత్తరంలో అయితే మధ్యలో అడ్డు రాలేవు కదా.

మీవాడు లాప్‌టాప్‌లో సర్కారునీ ఆఫీసర్లనీ ఆటపట్టించే బ్రిటిష్ టీవీ కామెడీ 'యెస్ మినిస్టర్' పెట్టి చూపిస్తే రాత్రి రెండింటి దాకా కూర్చున్నావట. "మన తెలుగులో ఇలాంటిది ఒక్కటీ రాదేంట్రా, వస్తే జనం మారిపోరూ?" అన్నావు. తెలుగు సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ 'మారిపోరూ' దగ్గరే నాకు పేచీ. ఎందుకంటే ఆ కథ మా ఇంట్లోనే జరిగింది. నువ్వూ అక్కడే ఉన్నావు, మర్చిపోయుంటావు.

1989. కంచరపాలెంలో మా అద్దిల్లు. షట్టరున్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. నేను డాబా ఎక్కి యాంటెన్నా తిప్పడం, నువ్వు కిటికీలోంచి తల బయటపెట్టి "వచ్చింది, వచ్చింది, పోయింది" అని అరవడం. దూరదర్శన్‌లో జస్పాల్ భట్టీ 'ఫ్లాప్ షో' వచ్చేది. మనకి హిందీ అంతంతమాత్రం. పక్క వాటాలో నేవీ అంకుల్ ఉండేవారు గుర్తుందా? ఆయన ముందు తను కడుపారా నవ్వేసి, ఆనక మనకి తెలుగులో చెప్పేవారు. అందుకని మా వరండాలో ప్రతి జోకుకీ రెండు విడతల నవ్వు.

ఆ భట్టీ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివినవాడు, పత్రికలో కార్టూన్లు వేసినవాడు. ఇప్పుడు తల్చుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. అప్పట్లో టీవీ అంటే సర్కారుదే. ఆ సర్కారు టీవీలోనే సర్కారు ఆఫీసుల పరువు తీశాడు. సెట్టింగుల్లేవు, ఖర్చు లేదు, పెళ్లాం పాత్రకి సొంత పెళ్లాం సవితా భట్టీయే. చివర్లో ఏదో ఒక సినిమా పాటకి పేరడీ. మొత్తం చేసినవి 10 ఎపిసోడ్లే. మనకి మాత్రం ఆ ఏడాదంతా వచ్చినట్టే అనిపిస్తుంది. ప్రతి ఎపిసోడ్‌నీ ముందుగా ఎవరో ఒకరికి అంకితం ఇచ్చేవాడు, అది చాలు వాళ్ల పరువు పోవడానికి.

అందులో ఒకటి మెడికల్ బిల్లుల మీద. రాని రోగాలకి బిల్లులు పెట్టి ఆఫీసులో డబ్బులు తీసుకునే ఉద్యోగుల కథ. ఆ రోజు మా నాన్న నవ్విన నవ్వు నాకింకా చెవుల్లో ఉంది. తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ, ఊపిరాడక, "వీడెవడోగానీ లోపలి మనిషేనర్రా" అంటూ ఒకటే నవ్వు. అదే గదిలో, టీవీ కింద సొరుగులో, రబ్బరు బ్యాండు చుట్టిన మందుల షాపు బిల్లుల కట్ట ఉంది. నాన్నదే. తెలిసిన షాపువాడు తేదీలు ఖాళీగా వదిలేసి ఇచ్చేవాడు. అమ్మ కాఫీ గ్లాసు చేతికిస్తూ, "మీ గురించే కదండీ" అంది మెల్లగా.

"ఛ, అది పంజాబు" అన్నారు నాన్న.

తర్వాతి నెల బిల్లులు మామూలుగానే వెళ్లాయి. అందులో నా కామెర్లు కూడా ఉన్నాయి. నాకు జన్మలో కామెర్లు రాలేదు.

ఇదేదో మా నాన్న ఒక్కడి లక్షణం అనుకునేవాణ్ని చాలాకాలం. కాదురా. నీ యెస్ మినిస్టర్ సంగతే చూడు. మంత్రి జిమ్ హ్యాకర్‌ని ఆయన శాఖ పెద్దాఫీసరు సర్ హంఫ్రీ ఎలా ఆడిస్తాడో చూసి బ్రిటన్ అంతా నవ్వుతుంటే, అందరికన్నా ఎక్కువ మురిసిపోయింది ఎవరనుకున్నావు, ప్రధాని థాచర్. తనకి ఇష్టమైన ప్రోగ్రాం అదేనని చెప్పడమే కాదు, 1984 జనవరిలో ఒక అవార్డు సభలో స్టేజీ ఎక్కి, ఆ నటులిద్దర్నీ పక్కన పెట్టుకుని స్వయంగా ఒక స్కిట్ వేసింది. పాపం ఆ ఇద్దరూ ఇబ్బంది పడిపోయారు. పడరూ మరి? ఎవరి మీద బాణం వేశామో ఆవిడే వచ్చి ఆ బాణాన్ని జడలో పువ్వులా తురుముకుంటే ఏం చెయ్యాలి?

అమెరికాలో ఇంకా తమాషా జరిగింది. 1971లో నార్మన్ లియర్ అనే ఆయన 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' అని ఒకటి మొదలెట్టాడు. ఇంటిపెద్ద ఆర్చీ బంకర్. నల్లవాళ్లంటే పడదు, వలస వచ్చినవాళ్లంటే పడదు, ఆడవాళ్లు నోరెత్తితే పడదు. కుర్చీలో కూర్చుని అందర్నీ తిట్టిపోస్తుంటాడు. వాణ్ని చూసి జనం సిగ్గుపడాలని లియర్ ఉద్దేశం. 1974లో ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలోనూ కెనడాలోనూ చూసేవాళ్లని కదిలించి అడిగితే, అసలు వాడిలాంటి బుద్ధే ఉన్నవాళ్లకి వాడు హీరోలా కనబడ్డాడట. "బాగా గడ్డిపెట్టాడు వెధవలకి" అని వాళ్ల సంబరం. మన గిరీశం సంగతి మాత్రం? గురజాడ వాణ్ని ఎందుకు రాశారో స్కూల్లో మాస్టారు వారం రోజులు చెప్పారు. మనం మాత్రం చుట్ట కాలుస్తున్నట్టు పోజు పెట్టి వాడిలా ఇంగ్లీషు దంచడం నేర్చుకున్నాం.

కాబట్టి మారిపోతారని నాకు నమ్మకం లేదు. అయినా చూస్తాను. ఎందుకో చివర్లో చెప్తాను, నువ్వు ముందే అక్కడికి దూకకు.

ఇక తెలుగు. ఒక్కటీ లేదనడం అన్యాయం. జెమినీలో 'అమృతం' వచ్చింది, 2001లో మొదలై ఆరేళ్లు నడిచింది. ఒప్పుకుంటాను, దాంట్లో రాజకీయం తక్కువే. కానీ తొందరగా డబ్బు చేసుకోవాలన్న మధ్యతరగతి దురదని అంతలా గోకినవాళ్లు ఇంకెవరూ లేరు. గుండు హనుమంతరావు అంజిగా చూసే ఆ బిక్కచూపు చాలు నాకు.

తర్వాత వీ6లో తీన్మార్ వార్తలు. నీ పేరు సత్తి కావడం వల్ల నీ ఆఫీసులో తెలంగాణ కుర్రాళ్లు నిన్నెంత ఏడిపించారో నువ్వే చెప్పావుగా, బిత్తిరి సత్తి పుణ్యమా అని. కానీ నేను దాన్ని వేరేగా చూస్తాను. అన్నేళ్లూ సినిమాల్లో రౌడీకీ, జోకర్‌కీ మాత్రమే ఇచ్చిన యాసని తీసుకొచ్చి వార్తలు చదివే కుర్చీలో కూర్చోబెట్టారు. ఏమీ తెలీని పల్లెటూరివాడిలా నిలబడి వాడు అడిగే ప్రశ్నలు, సూటు వేసుకున్న విలేకరి ఎవడూ అడగలేనివి.

మరి మన ఉత్తరాంధ్ర యాసకి ఆ యోగం ఎప్పుడురా? ఏ స్కిట్ పెట్టినా "ఏటి బావూ" అన్నాడంటే వాడు వాచ్‌మనో, పనివాడో, చెప్పుదెబ్బలు తినేవాడో. మా అమ్మాయి హైదరాబాదులో కాలేజీలో చేరిన మొదటివారం ఎవరినో "ఏటి?" అని అడిగిందట, క్లాసంతా ఘొల్లుమంది. అప్పట్నించీ మాతో ఫోన్లో కూడా టీవీ యాంకర్‌లా మాట్లాడుతోంది. ఇదే ఊళ్లో ప్లీడరీ చేస్తూ రావిశాస్త్రి గారు ఈ మాటలతోనే కదా కోర్టుల్నీ పోలీసుల్నీ దులిపేశారు. ఆయన కథల్లో సారా అమ్మేవాళ్లూ, జేబులు కొట్టేవాళ్లూ ఈ యాసలో మాట్లాడుతుంటే మనకి నవ్వు వచ్చేది వాళ్ల మీద కాదు, వాళ్లని బోనెక్కించినవాళ్ల మీద. అదే యాస టీవీకి వెళ్లేసరికి చెంపదెబ్బ తినే ముఖమైపోయింది.

ఇంకో రోగం ఉంది మన చానెళ్లకి. వ్యంగ్యం లేక కాదు, రోజూ రాత్రి తొమ్మిదింటికి కావలసినంత. కానీ ఒంటికన్నుది. ఈ చానెల్లో ఆ పార్టీవాళ్లే వెర్రివెంగళప్పలు, రిమోట్ ఒక్కసారి నొక్కితే ఈ పార్టీవాళ్లు. నువ్వు అంతలా మెచ్చుకుంటున్న దాంట్లో జిమ్ హ్యాకర్‌ది ఏ పార్టీయో గమనించావా? మొత్తం అన్ని సీజన్లలో ఎక్కడా చెప్పరు. పైగా 1979 ఎన్నికల మీద ప్రభావం పడుతుందేమోనని మొదటి ఎపిసోడ్‌ని తీసి కూడా ఆపి, 1980లో గానీ వెయ్యలేదు. మంత్రి మారతాడు, ఫైలు మారదు అన్నది వాళ్ల కథ. మన దగ్గర మంత్రి మారితే స్క్రిప్టు రైటరే మారిపోతాడు.

సరుకు లేదా అంటే, విశాఖపట్నంలో ఉన్నంత సరుకు ఎక్కడుంది! రైల్వే జోను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, దాని ఆఫీసుకి శంకుస్థాపన రాయి 2025 జనవరిలో పడింది. మధ్యలో పుట్టిన పిల్లలు ఒకటో తరగతికి వచ్చేశారు. అదే 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు. మన ఊరికి రాజధాని వచ్చిందో లేదో గానీ, మా వీధిలో అద్దె మాత్రం ఆ నెలే వచ్చేసింది. మా ఓనరు "రేపు సెక్రటేరియట్ వాళ్లొస్తారండీ" అని రెండు వేలు పెంచాడు. రాజధాని మాట వెనక్కి వెళ్లాక అద్దె వెనక్కి వెళ్లలేదు. ఆ ఒక్క ఓనరు మీద పదమూడు ఎపిసోడ్లు తియ్యొచ్చు.

స్టీల్ ప్లాంటు మాట వచ్చేసరికి నాకు నవ్వు అంత తేలిగ్గా రాదు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన ఫ్యాక్టరీ. 2021 జనవరిలో దాన్ని అమ్మేద్దామని నిర్ణయం తీసుకున్నాక కూర్మన్నపాలెం దగ్గర శిబిరం వేశారు కదా, మా బావ నైట్ షిఫ్టు దిగి తిన్నగా అక్కడికే వెళ్లి కూర్చునేవాడు. ఒకసారి టిఫిన్ ఇవ్వడానికి వెళ్లాను. సొంత గనులు ఇవ్వకుండా నష్టాలొచ్చాయంటారేంటని చర్చ నడుస్తోంది. ఒక పెద్దాయన, ఇడ్లీ తుంచుతూ, తల కూడా ఎత్తకుండా అన్నాడు: "పక్కింట్లో బియ్యం కొనుక్కుని హోటల్ నడపమన్నారు. ఇప్పుడు లాభం ఏదిరా అని గల్లాపెట్టి తీసి సూత్తన్నారు." టెంటులో ఉన్న నలభైమందీ నవ్వారు. ఆ నవ్వు ఎలాంటిదో నీకు చెప్పక్కర్లేదు. దాన్ని టీవీలోకి తెచ్చేవాడు ఎవడైనా ఉంటే వాడి కాళ్లకి దండం పెడతాను.

సరే, అసలు ఈ ఉత్తరం రాయాలన్న ఊపు ఎక్కడ వచ్చిందో చెప్తాను. పోయిన వారం అమ్మని లైఫ్ సర్టిఫికెట్ కోసం తీసుకెళ్లాను. ఫ్యామిలీ పెన్షన్ కదా, ఏటా నవంబరులో బతికే ఉన్నానని చెప్పుకోవాలి. ఏ ఆఫీసో అడక్కు. క్యూలో అందరికీ డెబ్బై దాటాయి. కుర్చీలు ఆరు, అందులో రెండింటి మీద ఫైళ్లు కూర్చున్నాయి.

అమ్మ వంతు వచ్చింది. వేలిముద్ర మిషన్ మీద బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. చూపుడువేలు, ఎర్ర లైటు. ఆ కుర్రాడు మంచివాడే, తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమన్నాడు, ఇంకోసారి నొక్కమన్నాడు, పదివేళ్లూ అయిపోయాయి. డెబ్బై ఏళ్లు బూడిదతో అంట్లు తోమి, చింతపండు పిసికిన వేళ్లు, గీతలెక్కడుంటాయి? "మామ్మగారూ, మీరు కాదంటోందండీ" అన్నాడు స్క్రీన్ చూస్తూ.

అమ్మ వాడి వైపు ఒక్క క్షణం చూసింది. "నేను కాకపోతే మరి నీకు కనబడుతున్నది ఎవరు బాబూ? నేను పోయాక వచ్చానా?" అంది, చాలా మర్యాదగా.

క్యూ మొత్తం పగలబడి నవ్వింది. నాకైతే ముసద్దీలాల్ గుర్తొచ్చాడు. సబ్ టీవీలో 2001లో వచ్చిన 'ఆఫీస్ ఆఫీస్'లో పంకజ్ కపూర్ వేసిన పాత్ర. బ్యాంకైనా, ఆస్పత్రైనా, ఏ ఆఫీసుకెళ్లినా కౌంటర్ వెనక అవే ముఖాలుంటాయి చూడు, అదే నాకు దాంట్లో అన్నిటికన్నా నచ్చిన జోకు. నిజానికి వాళ్లు ఎంత రాసినా ఆజమ్‌గఢ్ లాల్ బిహారీ ముందు దిగదుడుపే. భూమి కోసం అయినవాళ్లే కాగితాల్లో చంపేస్తే, 1994 దాకా ఏళ్ల తరబడి బతికున్నానని నిరూపించుకోవడానికి తిరిగాడు. పేరు చివర 'మృతక్' అని తగిలించుకుని ఎన్నికల్లో కూడా నిలబడ్డాడు. ఏ రైటరైనా ఇలా రాస్తే అతిగా ఉందని కొట్టేస్తారు.

ఆ నవ్వు విని లోపల్నించి పెద్దాఫీసరు బయటికొచ్చాడు, ఏం జరిగిందని. కుర్రాడు చెప్పాడు. ఆయనా నవ్వేశాడు. నవ్విన తర్వాత ఇక "రేపు రండి" అనడానికి నోరు రాలేదేమో, తన ఫోన్ తీసి ముఖం చూపించే యాప్ తెరిచాడు. ఆ యాప్‌లో కళ్లార్పాలి. బతికున్నవాళ్లు కళ్లార్పుతారని దాని నమ్మకం. అమ్మకి ఫొటో అంటే బిగుసుకుపోవడం అలవాటు కదా, రెప్ప వెయ్యదు. "ఆర్పండమ్మా, ఆర్పండి" అని ఆఫీసరు, కుర్రాడు, నేను, వెనక క్యూలో ముసలాళ్లంతా, అందరం అమ్మకి ఎదురుగా నిలబడి టపటపా కళ్లార్పి చూపించాం. మూడోసారికి పచ్చ టిక్కు పడింది. ఆ తర్వాత వేళ్లు పడనివాళ్లందరికీ అదే ఫోన్‌తో కానిచ్చేశాడాయన. పన్నెండున్నరకి ఇంటికొచ్చేశాం. జనం మారరని తెలిసీ నేను ఇలాంటివి చూసేది ఇందుకేరా.

నాన్న ఉంటే ఈ కథ వారం రోజులు అందరికీ చెప్పి నవ్వేవారు, కౌంటరుకి ఇవతల నిలబడినవాడిలా.

సంక్రాంతికి వస్తానన్నావు, మళ్లీ లీవు దొరకలేదని చెప్పకు. సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్ నా ఖర్చు. మీవాణ్ని కూడా తీసుకురా, ఫ్లాప్ షో చూపిద్దాం. ఈసారి నేవీ అంకుల్ లేరు కాబట్టి తర్జుమా నువ్వే చెయ్యాలి.

ఇది రాస్తుండగానే అమ్మ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, సర్టిఫికెట్ అంగీకరించారట. చదివి వినిపించాను. "అయితే వచ్చే నవంబరు దాకా ఢోకా లేదన్నమాట" అని, మళ్లీ సీరియల్లో పడిపోయింది.

ఉంటాను,
నీ
రాంబాబు