సైక్లోట్రాన్ కాదు, మాగ్నెట్ బెంచ్ అడగండి

సంపాదకుడు గారికి నమస్కారం.

క్యాన్సర్ రోగుల పెట్ స్కాన్‌కు వాడే రేడియోధార్మిక ఫ్లోరిన్-18ను సైక్లోట్రాన్‌లో, అంటే అయాన్లను (ఛార్జి ఉన్న పరమాణువులను) మాగ్నెట్‌లో చుట్లు తిప్పుతూ వేగం పెంచే యంత్రంలో, తయారుచేస్తారు. దాని అర్ధజీవిత కాలం, అంటే సగానికి తరిగే సమయం, 110 నిమిషాలు. హైదరాబాద్‌లో తయారైన మందు రెండు గంటల్లో నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో చేరినా సగానికి కాస్త తక్కువ మిగులుతుంది. కాబట్టి జిల్లాలో స్కానర్ పెడితే మందు తెప్పించుకోవచ్చు, జిల్లాకో సైక్లోట్రాన్ అక్కర్లేదు. మన విశ్వవిద్యాలయాలు అడగాల్సింది వేరే ఉంది: సైక్లోట్రాన్ మాగ్నెట్‌నూ, అందులోకి బీమ్ (అయాన్ల ధార) పంపే ఇంజెక్షన్ భాగాన్నీ తయారుచేసి పరీక్షించే బెంచ్. కలకత్తాలో 1977లో బీమ్ ఇచ్చిన 224 సెంటీమీటర్ల సైక్లోట్రాన్ మనవాళ్లు కట్టుకున్నదే. అదే ఊళ్లో 2018లో మొదలైన వైద్య సైక్లోట్రాన్ మాత్రం బెల్జియం నుంచి కొన్నది! కట్టే నేర్పు మళ్లీ మన చేతికి రావాలనే ఈ బెంచ్ అడగమంటున్నాను.

మాగ్నెట్ పోల్ ముఖాల (ఎదురెదురుగా ఉండే ఇనుప ధ్రువాల) మధ్య 30 మిల్లీమీటర్ల సందులో 1.5 టెస్లా అయస్కాంత ఫీల్డ్ కావాలంటే ఆ సందుకే సుమారు 36,000 ఆంపియర్-చుట్లు (కరెంటును కాయిల్ చుట్లతో హెచ్చించిన లెక్క) పడతాయి. 200 ఆంపియర్లు పంపితే రెండు కాయిళ్లలో కలిపి 180కి పైగా చుట్లు. బోరు మోటార్లు రీవైండింగ్ చేసే మన కార్మికులకు రాగి చుట్టడం కొత్త కాదు. కాకపోతే ఇది లోపల నీళ్లు పారే బోలు కండక్టర్. వంపు దగ్గర నలిగితే నీటి దారి సన్నబడి కాయిల్ వేడెక్కుతుంది. వార్నిష్‌లో ముంచితే చాలదు, వాక్యూమ్‌లో ఎపాక్సీ ఎక్కించాలి. బుడగ మిగిలిన చోట ఇన్సులేషన్ బలహీనపడి చుట్టుకూ చుట్టుకూ షార్ట్ అవుతుంది. మన బోరు నీళ్లు నేరుగా పంపితే సున్నం పేరుకుని దారి పూడుతుంది, ఉప్పుల వల్ల కరెంటు లీకవుతుంది. నీళ్లలో ఉప్పులు తీసేసే డీఎం వాటర్ ప్లాంటు, అందులో వాడే రెసిన్ ఖర్చు మొదటి అంచనాలోనే రాయాలి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

పోల్ ముఖాల సందులో 0.1 మిల్లీమీటరు తేడా వస్తే ఫీల్డ్ 50 గాస్ (టెస్లాకు 10,000 గాస్) మారుతుంది. అయాన్ వంద చుట్లు తిరిగే మెషీన్‌లో, ఆర్‌ఎఫ్ (వేగం పెంచే రేడియో వోల్టేజీ) నాలుగో హార్మోనిక్‌లో, అంటే అయాన్ ఒక చుట్టు తిరిగేలోపు నాలుగు సార్లు ఊగుతూ, నడుస్తుంటే, ఫీల్డ్ మొత్తం వెయ్యిలో ఒక వంతు తప్పినా ఫేజ్ (ఆ వోల్టేజీతో అయాన్‌కు కుదరాల్సిన తాళం) 144 డిగ్రీలు జారుతుంది. 90 దాటాక అయాన్ వేగం పెరగడం పోయి తగ్గుతుంది. అందుకే ఫీల్డ్ కొలిచే హాల్ ప్రోబ్‌తో పోల్ ముఖమంతా గడులు గడులుగా కొలిచి, షిమ్‌లు (ఫీల్డ్ సరిదిద్దే ఇనుప ముక్కలు) సరిచేసి, మళ్లీ కొలుస్తారు. హాల్ ప్రోబ్ రీడింగ్ వేడికి జారుతుంది. గది ఏసీ నిలకడగా లేకపోతే పొద్దుటి మ్యాపుకూ సాయంత్రం మ్యాపుకూ పొంతన ఉండదు. చాలా విసుగు పని, అయినా మాగ్నెట్ పనిలో అసలు నేర్పు ఇక్కడే వస్తుంది.

ఇంజెక్షన్‌ది ఇంకో తంటా. బయటి సోర్స్‌లో పుట్టిన హైడ్రోజన్ నెగటివ్ అయాన్లు (ఒక ఎలక్ట్రాన్ అదనంగా ఉన్నవి) 30 కిలోవోల్టులు ఇచ్చే వేగంతో మాగ్నెట్ నడిమి రంధ్రంలోంచి నిలువునా వస్తాయి. స్పైరల్ ఇన్‌ఫ్లెక్టర్ (మెలి తిరిగిన ఎలక్ట్రోడ్ల జత) వాటిని 90 డిగ్రీలు తిప్పి అడ్డం దారి పట్టించాలి. 1.5 టెస్లాలో ఆ వేగానికి చుట్టు వ్యాసార్ధం 17 మిల్లీమీటర్లే. ఎలక్ట్రోడ్లు కాస్త పక్కకు జరిగినా బీమ్ వాటికే తగులుతుంది, వాటి మీద గీతో నూనె మరకో ఉంటే స్పార్క్ కొడుతుంది. బంచర్ (అయాన్లను గుంపులుగా చేర్చేది) లేకపోతే బీమ్‌లో ఆర్‌ఎఫ్ ఫేజ్‌కు కుదిరిన కొద్ది భాగమే ముందుకు పోతుంది. వాక్యూమ్ చెడితే అయాన్ తన అదనపు ఎలక్ట్రాన్‌ను గ్యాస్‌కు తగిలి పోగొట్టుకుంటుంది. ఛార్జి పోయి న్యూట్రల్ అయ్యాక అది మాగ్నెట్ మాట వినదు, నేరుగా గోడకు తగులుతుంది. పెద్ద మెషీన్‌లో ఆ గోడే రేడియోధార్మికం అవుతుంది.

బెంచ్ 30 కిలోవోల్టులు దాటదు కనుక రేడియేషన్ ఆపే కాంక్రీటు బంకర్ అక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది హై వోల్టేజీతో, హైడ్రోజన్ సిలిండర్‌తో. జర్మనీలోని ఫెయిర్ యాక్సిలరేటర్‌కు (కణాల వేగం పెంచే పెద్ద యంత్రం) మాగ్నెట్లకు కరెంటు ఇచ్చే పవర్ కన్వర్టర్లు తయారుచేసిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ హైదరాబాద్‌లోనే ఉంది. నల్లగొండలోని మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయాలు దాని సాయం అడిగి ఉమ్మడిగా ప్రతిపాదన పంపాలి. మాగ్నెట్ ఒక జిల్లాకు, ఇంజెక్షన్ ఇంకో జిల్లాకు పంచితే మాత్రం పని చెడుతుంది. ఫీల్డ్ లేని చోట ఇన్‌ఫ్లెక్టర్‌ను పరీక్షించలేం.

— ఒక పాఠకుడు, నల్లగొండ