క్షయ కోర్సు ముగిశాక కళ్లె పరీక్ష ఎవరు చేయిస్తారు?

గౌరవనీయులైన సంపాదకులకు,

ఆరు నెలలు మందులు వాడి, క్షయ పూర్తిగా తగ్గిందనిపించుకున్నా కొందరికి దగ్గు వదలదు. పొద్దున లేస్తే పచ్చటి కళ్లె పడుతూనే ఉంటుంది. ప్రతిసారీ క్షయ తిరగబెట్టిందని కాదు. జబ్బు తిన్న శ్వాసనాళాలు సాగి వెడల్పైపోతాయి. దీన్నే బ్రాంకియెక్టాసిస్ అంటారు. అక్కడ నిలిచిపోయిన కళ్లెలో సూడోమోనాస్, హీమోఫిలస్ లాంటి బ్యాక్టీరియా కాపురం పెడతాయి.

మన శ్వాసనాళాలకు సొంత కాపలా ఉంది. లైసోజైమ్ బ్యాక్టీరియా గోడను ఛేదిస్తుంది. లాక్టోఫెర్రిన్ వాటికి ఇనుము దొరక్కుండా చేస్తుంది. వీటికంటే తక్కువ తెలిసినవి ఎస్‌ఎల్‌పీఐ, ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే రెండు ప్రోటీన్లు. మొదటిది శ్వాసనాళాల్లోనే తయారవుతుంది, రెండోది ఎక్కువగా కాలేయం నుంచి రక్తంలో వస్తుంది. ఇవి ఊపిరితిత్తిని ప్రధానంగా కాపాడేది మన తెల్లకణాల నుంచే. బ్యాక్టీరియాను చంపడానికి వచ్చిన న్యూట్రోఫిల్ కణాలు ఎలాస్టేజ్ అనే ఎంజైమును వదులుతాయి. దాన్ని ఆపకపోతే నాళాల గోడల్లో సాగే గుణమున్న నారనే కోసేస్తుంది.

నాలుగు రోజుల జలుబూ దగ్గూ అయితే ఈ రెండు ప్రోటీన్లూ సరిపోతాయి. నెలల తరబడి బ్యాక్టీరియా తిష్ఠ వేస్తే ఎలాస్టేజ్ వాటిని మించిపోతుంది, ఎస్‌ఎల్‌పీఐని కూడా ముక్కలు చేస్తుంది. కళ్లెను ఇంకా ఊరిస్తుంది, దాన్ని పైకి నెట్టే సన్నటి నూగును మందగింపజేస్తుంది. కళ్లె నిలిచేకొద్దీ బ్యాక్టీరియా, వాటి కోసం మరిన్ని తెల్లకణాలు. సిగరెట్ పొగ ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్‌ను పనికిరాకుండా చేస్తుంది కాబట్టి పొగ మానడం ఇక్కడ అసలైన వైద్యంలో భాగమే. డబ్బా ప్రోటీన్ పొడి తాగితే ఈ ప్రోటీన్లు పెరగవు. మంచి తిండి కావాలి, అది వేరే సంగతి.

చేతిలో ఉన్న మార్గం కళ్లెను రోజూ బయటికి తీయడం. నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ మొదలుపెట్టి, మూడు నాలుగుసార్లు లోతుగా పీల్చి మూడేసి సెకన్లు నిలపాలి. తర్వాత అద్దం మీద ఆవిరి పట్టించేటప్పటిలా నోరు తెరిచి ‘హా’ అని ఒకటి రెండుసార్లు గట్టిగా వదలాలి. రోజుకు రెండు పూటలు, పది పదిహేను నిమిషాలు, భోజనానికి ముందు చేయాలి. కళ్లెలో రక్తం కనిపిస్తే ఆపి డాక్టరును కలవాలి. ఉప్పునీటి నెబ్యులైజేషన్ కొందరికి నాళాలను బిగిస్తుంది, అందుకే మొదటి మోతాదు ఆసుపత్రిలోనే ఇవ్వాలి.

జరుగుతున్నది వేరు. మందుల షాపులో దగ్గును అణిచే సిరప్, మూడు రోజులకు లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు చేతికొస్తాయి. సిరప్ వల్ల కళ్లె లోపలే ఆగుతుంది. ఆ మాత్రలు మొండి బ్యాక్టీరియాను పెంచుతాయి, నిజంగా క్షయ తిరగబెట్టి ఉంటే దాన్ని కొన్నాళ్లు కప్పిపెడతాయి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కళ్లె కల్చర్‌కు, అంటే అందులోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి గుర్తించే పరీక్షకు, వెళ్లాలి. మంచినీళ్లతో నోరు పుక్కిలించి, ఉమ్మి కాకుండా లోతు నుంచి దగ్గి తెచ్చిన కళ్లె మూడు నుంచి ఐదు మిల్లీలీటర్లు చాలు. అది రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. ఎండలో ఆలస్యమైతే నోటి బ్యాక్టీరియా పెరిగి అసలుది మరుగున పడుతుంది.

చికిత్స ముగిశాక 6, 12, 18, 24 నెలలకు రోగిని మళ్లీ చూడాలని జాతీయ క్షయ కార్యక్రమం ఇప్పటికే చెబుతోంది. ఆ నాలుగు సందర్శనల్లో, కళ్లె పడుతున్నవారికి క్షయ పరీక్షతో పాటు మామూలు బ్యాక్టీరియా కల్చర్, ఏ మందు పనిచేస్తుందో చెప్పే పరీక్ష కూడా చేయించాలి. ఎలాస్టేజ్‌ను తయారీ దశలోనే తగ్గించే బ్రెన్సోకాటిబ్ మాత్రకు 2025 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో వారానికి ఒక పూట ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టి, పాడేరు, అరకుల నుంచి వచ్చేవారికి పరీక్ష, శిక్షణ ఒకే రోజున పూర్తయ్యేలా చూడాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాం.

– శ్వాసకోశ వైద్య విభాగ ఉద్యోగులు కొందరు, విశాఖపట్నం