విండోకూ ఎడిటర్‌కూ ఒకే మీటలు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్ ఇంజినీరింగ్ కళాశాలల్లో లినక్స్ నేర్పేవారికి ఒక విన్నపం. విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఎడమ, కింద, పై, కుడి దిక్కులకు హెచ్, జె, కె, ఎల్ మీటలు. తెరపై విండోలను అమర్చే ఐ3 విండో మేనేజర్‌లో అవే దిక్కులకు జె, కె, ఎల్, సెమీకోలన్. ఒక్క మీట పక్కకు జరిగినందుకే విద్యార్థుల వేళ్లు తడబడుతున్నాయి. ల్యాబ్‌లోని ఐ3 కాన్ఫిగ్ (అమరికల) ఫైల్‌లోనే దీన్ని సరిచేసి ఇవ్వండి.

ఆ ఫైల్‌లో ఫోకస్ (విండో ఎంపిక), మూవ్ (విండో తరలింపు) వరుసలు రెండింటినీ మార్చాలి. మాడ్ అంటే ఐ3 షార్ట్‌కట్లలో ఇతర మీటలతో కలిపి నొక్కే మీట. మాడ్+హెచ్ అప్పటికే స్ప్లిట్‌కు (విండో చోటును పక్కపక్కన విభజించడానికి) ఉంది. దాన్ని మాడ్+బికి తరలించకపోతే డూప్లికేట్ కీబైండింగ్ (ఒకే మీటకు రెండు పనులు) అంటూ ఎర్రపట్టీ వస్తుంది. ఆపై మార్పులు అమలయ్యేలా మాడ్+షిఫ్ట్+సి నొక్కాలి. మాడ్‌గా ఆల్ట్ వద్దు, విండోస్ మీటే మేలు. టెర్మినల్‌లో ఆల్ట్+బి ఒక పదం వెనక్కి వెళ్లడానికి కావాలి.

తెలుగు టైపు చేసేవారు కీబోర్డు లేఅవుట్లలో ఇంగ్లిష్‌నే మొదట ఉంచాలి. అప్పుడే ఐ3 షార్ట్‌కట్లు తెలుగులో ఉన్నా పనిచేస్తాయి. విమ్‌లో మీటలు ఆదేశాలుగా పనిచేసే నార్మల్ మోడ్‌కు మాత్రం మామూలుగా ఇంగ్లిష్‌కు మారాల్సి ఉంటుంది.

- ఒక పాఠకుడు, హనుమకొండ