గృహరుణంతో వచ్చే కాగితమే ఇంటి బీమా అనుకుంటే ఎలా?

సంపాదకులకు,

అయ్యా,

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ మీద పడినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వంటి ప్రాంతాల్లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నేల అంతస్తు మునిగిన కుటుంబానికి 25,000 రూపాయలు, పై అంతస్తుల్లో ఉన్నవారికి 10,000 రూపాయలు చొప్పున రాష్ట్ర ప్రభుత్వం సాయం ప్రకటించింది. కష్టకాలంలో అది ఊరటే. అయినా పాడైన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, చివికిపోయిన ప్లైవుడ్ మంచాలు, ఉబ్బిపోయి మూతపడని తలుపులు, గోడల్లోని వైరింగు అన్నీ లెక్క వేసుకుంటే ఆ సొమ్ము ఏ మూలకూ రాదని ఆ ఇళ్లవారికి తెలుసు. అదే వరదలో మునిగిన కార్లకు, స్కూటర్లకు చాలామంది బీమా సొమ్ము పొందగలిగారు, ఎందుకంటే బండి కొన్న రోజునే షోరూములో పాలసీ చేతికి వస్తుంది. జీవితకాలపు సంపాదన పోసి కట్టుకున్న ఇంటికి మాత్రం అటువంటి ఏర్పాటు చేసుకున్నవారు బహు తక్కువ.

సాధారణ బీమా రంగంలో నష్టాలను అంచనా వేసే సర్వేయరుగా పనిచేసి విరమించినవాడిని. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నంలో చూసినా, ఇక్కడి వరద తర్వాత తెలిసినవారి ఇళ్లకు వెళ్లి కాగితాలు చూసిపెట్టినా, నాకు ఎక్కువగా వినిపించిన మాట ఒక్కటే: ‘మాకు లోనుతో పాటు ఇన్సూరెన్స్ కూడా ఉందండీ.’ తీరా ఆ కాగితం తెచ్చి చూస్తే అది ఇంటికి సంబంధించినదే కాకపోవచ్చు. రుణం తీసుకున్న వ్యక్తి మరణిస్తే మిగిలిన అప్పును తీర్చే జీవిత బీమా అది. కుటుంబానికి దాని వల్ల మేలే గాని, గోడ కూలినా, ఇల్లు కాలినా, నీరు వచ్చినా దాని కింద ఒక్క రూపాయి రాదు. సింగ్‌నగర్‌లో ఒక గృహిణి బురద అంటిన ప్లాస్టిక్ సంచీలోంచి ఎంతో భద్రంగా తీసి చూపించిన పత్రం అలాంటిదే. ప్రీమియం రుణంలోనే కలిపేయడం వల్ల, తాము దేనికి డబ్బు కడుతున్నారో ఆ దంపతులకు ఎవరూ విడమరచి చెప్పలేదు.

ఇంకొన్ని చోట్ల కాగితం ఇంటి బీమాదే అవుతుంది గాని, రుణ మొత్తానికి మాత్రమే తీసుకున్నది. 2021కి ముందు ఇచ్చిన పాలసీల్లో ఇది పెద్ద చిక్కు తెచ్చేది. ఇల్లు తిరిగి కట్టడానికి 20 లక్షలు అవసరమైన చోట 10 లక్షలకే బీమా చేయించి ఉంటే, 4 లక్షల నష్టం జరిగినప్పుడు కంపెనీ ఆ నిష్పత్తిలోనే లెక్క కట్టి 2 లక్షలే చెల్లించేది. తక్కువ విలువకు బీమా చేశారు గనుక మిగతా సగం మీరే భరించాలి అన్నది దాని సూత్రం. నిబంధన ప్రకారం అది సరైనదే కావచ్చు, కానీ దానిని ఇంటి యజమానికి ఇల్లు మునిగిన తర్వాత చెప్పవలసి రావడం సర్వేయరుగా నా ఉద్యోగంలో నేను అన్నిటికంటే బాధపడిన సందర్భం.

ఈ పరిస్థితిని సరిదిద్దడానికే బీమా నియంత్రణ, అభివృద్ధి సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీని సాధారణ బీమా కంపెనీలన్నీ అమ్మాలని ఆదేశించింది. కంపెనీ ఏదైనా ఇందులోని ప్రాథమిక షరతులు ఒకటే. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద, భూకంపం, కొండచరియలు విరిగిపడడం, అల్లర్లు, నీళ్ల ట్యాంకులు, పైపులు పగలడం వంటివన్నీ ఒకే పాలసీలో ఉంటాయి, వరదను గాని భూకంపాన్ని గాని విడిగా కొనుక్కోనవసరం లేదు. పైన చెప్పిన నిష్పత్తి కోతను కూడా ఇందులో తీసివేశారు కాబట్టి, వివరాలు నిజాయితీగా ఇచ్చి ఉంటే బీమా మొత్తం దాటనంత వరకు జరిగిన నష్టం పూర్తిగా వస్తుంది. ఇంత మంచి ఏర్పాటు వచ్చి ఏళ్లు గడిచినా, మన జిల్లాల్లో దాని పేరు విన్నవారు అరుదుగా కనిపించడం విచారకరం.

ఎంతకు బీమా చేయించాలన్న విషయంలో కూడా అపోహలున్నాయి. ఫ్లాటు 70 లక్షలకు కొన్నాం కాబట్టి 70 లక్షలకు చేయించాలనుకుంటారు. ఆ ధరలో పెద్ద భాగం స్థలానిది, స్థలం వరదకు కొట్టుకుపోదు, మంటకు కాలదు. బీమా చేయవలసింది కట్టడానికి, అంటే నేటి రేట్ల ప్రకారం అంత ఇల్లు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చుకు. కార్పెట్ ఏరియాను (బయటి గోడలు పోగా లోపల వాడుకునే విస్తీర్ణాన్ని) మీ ఊళ్లో నిర్మాణ వ్యయంతో గుణిస్తే ఆ సంఖ్య వస్తుంది. ఉదాహరణకు కార్పెట్ ఏరియా 1,000 చదరపు అడుగులుండి, అడుగుకు 2,200 రూపాయలు అవుతుందనుకుంటే 22 లక్షలు. ప్రహరీ గోడ, గేటు, కారు షెడ్డు, విడిగా ఉన్న వంటపాక వంటివాటి విలువను దీనికి అదనంగా చూపించాలి. మేడ మీది నీళ్ల ట్యాంకు, స్థిరంగా బిగించిన సోలార్ పలకలు కూడా ఇంటిలో భాగాలే. హుద్‌హుద్ గాలికి విశాఖలో ఎగిరిపోయిన ట్యాంకులను, పడిపోయిన ప్రహరీలను చూసినవారికి ఈ మాట ఎందుకు చెబుతున్నానో వేరే వివరించనక్కర లేదు.

ఇంట్లోని సామాను సంగతి వేరుగా ఆలోచించాలి. కట్టడానికి పాలసీ తీసుకుంటే, దాని బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు, సాధారణ గృహోపకరణాలకు రక్షణ దానంతటదే వస్తుంది. పై ఉదాహరణలో అది 4 లక్షల 40 వేలు. మీ సామాను అంతకు మించి విలువ చేస్తుందనుకుంటే జాబితా ఇచ్చి పెంచుకోవచ్చు. కానీ బంగారం, వెండి ఆభరణాలు ఈ సాధారణ సామానులోకి రావు. వాటికి విలువను ముందే ఒప్పుకుని రాసే ఐచ్ఛిక భాగాన్ని అదనపు ప్రీమియం కట్టి తీసుకోవాలి. నగదుకు, దస్తావేజులకు, వాహనాలకు ఇందులో చోటు లేదు. అద్దెకున్నవారు తమ సామానుకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చునన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. బుడమేరు వరదలో అన్నీ పోగొట్టుకున్నవారిలో అద్దె ఇళ్లవారు ఎందరో ఉన్నారు.

దొంగతనం విషయంలో జాగ్రత్తగా చదవాలి. మంటలో, వరదలో ఇల్లు దెబ్బతిన్న తర్వాత ఏడు రోజుల లోపు ఆ గందరగోళంలో జరిగిన దొంగతనానికే ఈ పాలసీ బాధ్యత వహిస్తుంది. పండుగకు ఊరెళితే తాళం పగలగొట్టి దోచుకుపోయిన సొత్తుకు వర్తించదు, దానికి వేరే పాలసీ గాని, అదనపు కవరు గాని తీసుకోవాలి. అలాగే షార్ట్ సర్క్యూట్ ఏ పరికరంలో మొదలైందో ఆ పరికరానికి పరిహారం రాదు, అక్కడి నుంచి మంట పాకి కాలిపోయిన మిగతా సామానుకు వస్తుంది. మన ఊళ్లలో ముందుభాగంలో కిరాణా కొట్టో టైలరింగు షాపో పెట్టుకుని వెనుక కాపురముండే ఇళ్లు ఎక్కువ. కొట్టు సరుకు ఇంటి సామాను కాదు. దానికి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే వేరే పాలసీ ఉంది. కొట్టున్న సంగతి దాచిపెట్టి ఇంటి పాలసీ తీసుకుంటే రేపు క్లెయిమ్ దగ్గర అదే అడ్డు పడుతుంది.

ప్రీమియం భారమన్న అభిప్రాయం కూడా సరైనది కాదు. మధ్యతరగతి ఫ్లాటుకు ఏడాదికయ్యేది సాధారణంగా రెండు మూడు వేల రూపాయలకు మించదు, చాలా సార్లు అంతకంటే తక్కువే. పదేళ్ల వరకు ఒకేసారి తీసుకునే వీలుంది, అలా తీసుకున్నప్పుడు నిర్మాణ వ్యయం పెరుగుదలకు తగినట్టు బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది. షరతులు ఒకటే అయినప్పుడు ధర కంటే ముఖ్యంగా చూడవలసింది, మీ ఊరికి దగ్గరలో ఆ కంపెనీకి శాఖ ఉందా, వరద వచ్చిన వారంలో ఫోను ఎత్తే మనిషి ఉన్నాడా అన్నదే. ఏజెంటు దగ్గరా, బ్యాంకు దగ్గరా, నేరుగా కంపెనీ దగ్గరా మూడు చోట్ల ధర అడిగి చూడడంలో తప్పు లేదు. బ్యాంకు తన హామీ ఆస్తికి బీమా ఉండాలని కోరవచ్చు, కానీ ఫలానా కంపెనీలోనే తీసుకోవాలని నిర్బంధించకూడదు.

నష్టం జరిగాక చేసే పొరపాట్లే క్లెయిమును ఎక్కువగా దెబ్బతీస్తాయి కాబట్టి అది కూడా చెబుతాను. నీరు దిగగానే పాడైన సామానంతా వీధిలో పారేయడం సహజం, ఆ వాసన భరించడం ఎవరి తరమూ కాదు. కానీ పారేసే ముందు కంపెనీకి తెలియజేయాలి. గోడ మీద, బీరువా మీద నీరు నిలిచిన బురద గీత కనిపించేలా, ఫ్రిజ్ వెనుక, టీవీ వెనుక ఉండే సీరియల్ నంబరు పట్టీ చదవగలిగేలా ఫోనుతో ఫొటోలు తీసుకోవాలి. బిల్లు తడిసి పోయినా ఆ పట్టీ ఉంటే సర్వేయరు మోడలును గుర్తించి ధర కట్టగలడు. నష్టం గమనించిన నాటి నుంచి 30 రోజుల లోపు క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. కంపెనీ నిర్ణయం అన్యాయమనిపిస్తే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను, అంటే బీమా ఫిర్యాదులు విచారించే అధికారిని, ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయమే. రుసుము లేదు, వకీలు అక్కర లేదు, 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం వారికి ఉంది.

ఇక నా విన్నపం. గృహరుణం మంజూరు చేసే ప్రతి బ్యాంకు, ప్రతి గృహరుణ సంస్థ, తాము చేయించిన బీమా జీవితానికా, ఇంటికా, ఇంటికైతే ఎంత మొత్తానికి, ఎంత కాలానికి అన్నది ఒక పుట మించకుండా తెలుగులో రాసి, పాలసీ నకలుతో పాటు రుణగ్రహీత చేతికి ఇవ్వాలి. రుణం తీరి దస్తావేజులు తిరిగి ఇచ్చే రోజున, ఇంటి బీమా ఎప్పటితో ముగుస్తుందో కూడా చెప్పాలి. అప్పు తీరిన సంతోషంలో పాలసీ గడువు దాటిన సంగతి ఎవరికీ గుర్తుండదు. ప్రస్తుతం చాలా చోట్ల పాలసీ కాగితం బ్యాంకు ఫైలులోనే ఉండిపోతోంది, ఉన్నా ఆంగ్లంలో సన్నని అక్షరాల్లో ఉంటోంది. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు అడిగితే ఈ చిన్న మార్పు కష్టమైన పని కాదు. మీ పత్రిక కూడా స్థిరాస్తి అనుబంధంలో ఇళ్ల ధరల పక్కనే ఈ పాలసీ వివరాలను, జిల్లాలవారీగా నిర్మాణ వ్యయాన్ని ఏడాదికొకసారైనా ప్రచురిస్తే, వచ్చే వానాకాలానికి ముందే పాఠకులు తమ దగ్గరున్న కాగితాన్ని తీసి చూసుకోగలుగుతారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత బీమా సర్వేయరు,
విజయవాడ