శ్రీకాకుళం జిల్లా విద్యాశాఖాధికారి గారికి ఒక తల్లి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా గుంటడు ఆరో తరగతి, వాడికి ఏడీహెచ్‌డీ ఉందని డాక్టరు చెప్పారు. అంటే బద్ధకమో పొగరో కాదండి, మెదడు ఎదిగే తీరులోనే తేడా, కుదురుగా కూర్చోవాలని వాడికీ ఉంటుంది గానీ బయట ఆటో హారన్ మోగితే చాలు, చేతిలో లెక్క సగంలో ఆగిపోతుంది. ఇష్టమైన బొమ్మ గీయమంటే మాత్రం గంట కదలడు, అందుకే "కావాలనే చేస్తున్నాడు" అంటారు అందరూ. టీచర్లకు నేను చెప్పుకోగలను. తోటి పిల్లలకు ఎవరు చెబుతారు? "తిక్కోడు" అని పేరు పెట్టేశారు, ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగలేడని కబడ్డీకీ పిలవరు. మధ్యాహ్న భోజనం దగ్గర ఒక్కడే కూర్చుంటాడట.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి, సంతోషమే. కానీ మావాడు చదివేది మామూలు క్లాసులో కదా. శనివారం నో బ్యాగ్ డేలో, ఏడీహెచ్‌డీ అంటే ఏంటో తోటి పిల్లలకు చెప్పడానికి ఒక్క పీరియడ్ ఇప్పించండి. రేడియో మోగుతుండగా ఎక్కాలు అప్పజెప్పమంటే చాలు, ఆ అవస్థ ఏంటో పిల్లలకు తెలిసొస్తుంది. మావాడి పేరు మాత్రం ఎత్తొద్దు, ఇప్పటికే వాడికి బడంటే టెన్షన్. పక్కన కూర్చున్నవాడు "ఇదిగో, ఈ లెక్క దగ్గరున్నాం" అని వేలు పెట్టి చూపిస్తే మావాడు మళ్లీ అందుకుంటాడు, ఇంట్లో వాళ్లక్క చేసేది అదే.

జూన్‌లో బడులు తెరిచేలోపు ఆర్డరు వేస్తారని ఎదురుచూస్తుంటాను.