నార్త్ కరోలినాలో తీర్పు ఇచ్చింది ఎవరండీ?

సంపాదకులు గారికి,

అమెరికా మధ్యంతర ఎన్నికల మీద మీ పత్రికలో వారం పది రోజుల కిందట ఒక వార్త వచ్చింది. అప్పుడే రాయాల్సింది, ఆఫీసు పనుల్లో కుదరలేదు. ఈలోగా కోపం చల్లారుతుందనుకున్నాను, అదీ జరగలేదు. అందులో నార్త్ కరోలినా గురించి రాసింది రెండు ముక్కలు. 2024లో అక్కడి ఓటర్లు కాంగ్రెస్‌లో (అంటే అమెరికా పార్లమెంటులో) రాష్ట్రానికున్న 14 స్థానాల్లో 10 రిపబ్లికన్లకు కట్టబెట్టి ‘స్పష్టమైన తీర్పు’ ఇచ్చారట. ఈసారి గాలి ఇంకా అటే ఉంది కాబట్టి 11 కూడా రావచ్చట. ఆ రాష్ట్రంలో చాలా ఏళ్లుగా ఉంటూ, సిటిజన్‌షిప్ వచ్చాక ఒక్క ఎన్నిక కూడా వదలకుండా ఓటేస్తున్నవాణ్ణి. ఏ గాలండీ అది?

అదే రోజు, అదే బ్యాలెట్ మీద ఇంకేం జరిగిందో మీ విలేకరి చూసుంటే బాగుండేది. రాష్ట్రంలో ట్రంప్‌కి వచ్చినవి దాదాపు 51 శాతం ఓట్లు. గవర్నర్‌గా డెమోక్రాట్ జోష్ స్టైన్ దాదాపు 55 శాతంతో గెలిచారు. లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్ పదవులూ డెమోక్రాట్లకే పోయాయి. ఒకే కాగితం మీద ఇటూ అటూ గుర్తు పెట్టిన జనం కాంగ్రెస్ సీట్ల దగ్గరికొచ్చేసరికి ఒక్కసారిగా ఒకవైపు ఒరిగిపోయారా? అంతకు రెండేళ్ల ముందు, 2022లో, ఇదే జనం ఇవే 14 సీట్లను చెరి ఏడూ ఇచ్చారు. ఆ ఎన్నిక కోర్టు ఖాయం చేసిన నియోజకవర్గాల మ్యాప్ మీద జరిగింది. 2023 అక్టోబరులో రిపబ్లికన్ల చేతిలో ఉన్న రాష్ట్ర శాసనసభ తనకు కావలసినట్టు కొత్త మ్యాప్ గీసుకుంది. ఏడు కాస్తా పది అయింది.

ఆ మ్యాప్ చూసి ముగ్గురు డెమోక్రాట్ సభ్యులు తమ సీట్లకు మళ్లీ పోటీయే చేయలేదు. గ్రీన్స్‌బరో ప్రాంతంలో క్యాథీ మ్యానింగ్ తప్పుకున్నాక ఆ పార్టీ నుంచి నామినేషన్ వేసిన నాథుడే లేడు. రెండు పెద్ద పార్టీల్లో ఒకటి బ్యాలెట్ మీదే లేకపోతే తీర్పు స్పష్టంగా రాక ఏం చేస్తుంది? షార్లెట్ వైపు 14వ డిస్ట్రిక్టు (కాంగ్రెస్ నియోజకవర్గాన్ని అక్కడ అలా అంటారు) కథ ఇంకా రుచిగా ఉంటుంది. అక్కడి సభ్యుడు జెఫ్ జాక్సన్ తన సీటు చేజారేలా గీశారని అటార్నీ జనరల్ పదవికి నిలబడి రాష్ట్రమంతటా గెలిచారు. సొంత నియోజకవర్గంలో ఆశ లేని మనిషికి రాష్ట్రం మొత్తం ఓటేసిందన్నమాట! మరి ఆ 14వ సీటు ఎవరికి దక్కిందనుకున్నారు? మ్యాప్ ఆమోదించిన సభకు అప్పట్లో స్పీకర్‌గా ఉన్న టిమ్ మూర్ గారికే. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తి అయినా ఫర్వాలేదంటారు. ఇక్కడ గరిటె పట్టుకున్నాయనే విస్తరి ముందు కూర్చున్నారు.

కోర్టులు లేవా అని మీ పాఠకులు అడగవచ్చు. ఉన్నాయి, బ్రహ్మాండంగా ఉన్నాయి. 2016లో డేవిడ్ లూయిస్ అనే రిపబ్లికన్ శాసనసభ్యుడు కమిటీలో ఏ మొహమాటమూ లేకుండా చెప్పేశారు: అప్పుడున్న 13 సీట్లను రిపబ్లికన్లకు పది, డెమోక్రాట్లకు మూడుగా గీద్దాం, ఎందుకంటే పదకొండూ రెండుగా గీయడం కుదురుతుందని అనుకోవడం లేదు, అని. ఆ మ్యాప్‌లో గ్రీన్స్‌బరోలోని నల్లజాతి విశ్వవిద్యాలయం ఎ అండ్ టి క్యాంపస్ మధ్యనుంచి గీత పోయింది. లారెల్ స్ట్రీట్‌కి ఇటువైపు హాస్టల్ వాళ్లది ఒక డిస్ట్రిక్టు, అటువైపు వాళ్లది ఇంకొకటి. హాస్టల్ గది మారితే కాంగ్రెస్ సభ్యుడు కూడా మారిపోయేవాడు. ఈ వ్యవహారమే సుప్రీంకోర్టు దాకా వెళ్తే, పార్టీ లాభం కోసం గీతలు గీసుకోవడం ఫెడరల్ కోర్టులు తేల్చే సంగతి కాదని 2019లో 5-4తో చేతులు దులుపుకున్నారు. ఇక మిగిలింది రాష్ట్ర సుప్రీంకోర్టు. అక్కడ జడ్జీలు ఎన్నికల్లో గెలిచి వస్తారు, పేరు పక్కన పార్టీతో సహా. 2022 ఎన్నికల్లో ఆ కోర్టులో మెజారిటీ రిపబ్లికన్లకు మారింది. 2023 ఏప్రిల్‌కల్లా అదే కోర్టు, పార్టీ లాభం కోసం గీసిన మ్యాపులు చెల్లవని అంతకుముందు తానిచ్చిన తీర్పును తానే తిరగరాసింది.

ఇక ఆ పదకొండో సీటు. ఈశాన్యాన ఉన్న 1వ డిస్ట్రిక్టు 1992 నుంచి వరసగా నల్లజాతి ప్రతినిధులనే పంపుతోంది. 2024లో డాన్ డేవిస్ రెండు శాతం కూడా తేడా లేకుండా ఎలాగో బయటపడ్డారు. 2025 అక్టోబరులో జనాభా లెక్కలేమీ మారకుండానే శాసనసభ మళ్లీ కూర్చుని, ఆ డిస్ట్రిక్టులోంచి కొన్ని కౌంటీలు తీసి పక్కదాంట్లో వేసి, సముద్రం ఒడ్డు కౌంటీలు తెచ్చి ఇందులో కలిపింది. రిపబ్లికన్లకు ఇంకో సీటు కోసమేనని గీసినవాళ్లు దాచలేదు కూడా. ఆ రాష్ట్రంలో ఇలాంటి మ్యాపుల మీద గవర్నర్‌కు వీటో లేదు కాబట్టి స్టైన్ గారు చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు. మీరు గాలి అన్నది దీన్నే.

నన్ను ఏదో ఒక పార్టీకి కట్టేయకండి. డెమోక్రాట్లేమీ కడిగిన ముత్యాలు కారు. 1992లో వాళ్లు గీసిన 12వ డిస్ట్రిక్టు ఐ-85 రోడ్డు వెంట పాములా పోయేది. కారు రెండు తలుపులూ తెరిచి ఆ రోడ్డు మీద వెళ్తే ఓటర్లలో ఎక్కువమందికి తగులుతాయని అప్పట్లో జోకు. ఇలినాయ్, మేరీల్యాండ్ మ్యాపులు చూసినా వాళ్ల చేతివాటం తెలుస్తుంది.

మావాళ్లను కూడా అనాలి. మా వేక్ కౌంటీని మూడు డిస్ట్రిక్టులకు పంచారు. శివార్లలో ఉండే మా స్నేహితుడి ఇల్లు 13లో పడింది. పిల్లల స్కూలు, కిరాణా, కేరీ వెంకటేశ్వరస్వామి గుడి అన్నీ ఇక్కడే, కాంగ్రెస్ సభ్యుడు మాత్రం ఎక్కడో వర్జీనియా సరిహద్దు ఊళ్లకూ ఆయనకూ కలిపి ఒక్కడే. ఆ సంగతి ఆయనకు నేను చెప్పేదాకా తెలియదు! తెలుగు సంఘం ఎన్నికలంటే ప్యానెళ్లు కట్టి అర్ధరాత్రి దాకా ఫోన్లు చేస్తారు. జడ్జి ఎన్నికంటే ‘మనకెందుకులే అన్నా’ అంటారు. 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు సీటు తేలింది 734 ఓట్ల తేడాతో. ఓడినాయన 60 వేలకు పైగా ఓట్లు చెల్లవంటూ ఆరు నెలలు నడిపారు. నా పేరు కూడా ఆ జాబితాలో ఉందేమోనని వెతుక్కున్నాను. మీ పత్రికలో దాని గురించి ఒక్క వాక్యం చూసిన గుర్తు లేదు. ఎన్నారై పేజీలో మాత్రం ఆ ఆరు నెలలూ శాలువాలు, జ్ఞాపికలు, వేదిక మీద వరసగా నిలబడ్డ పెద్దలు. ఎవరైనా భారత సంతతి అభ్యర్థి గెలిస్తే పూర్వీకుల ఊరు దాకా వెళ్లి ఫోటోలు తెస్తారు, ఆ అభ్యర్థి ఏ గీతల మధ్య గెలిచారో మాత్రం అడగరు. విదేశీ వార్తల పేజీ చదివి విషయం అర్థం చేసుకున్న రోజులు నాకు తెలుసు. ఇప్పుడు ఏజెన్సీ వార్త వస్తే దానికి హెడ్డింగు పెట్టడమే జర్నలిజం.

ఇదంతా మనకెందుకంటారా? విభజన చట్టంలో 175ను 225 చేస్తామని, 119ను 153 చేస్తామని 2014లో రాసుకున్నాం, ఇంకా అలాగే ఉంది. లోక్‌సభ సీట్లలో దక్షిణాదికి ఎన్ని తగ్గుతాయన్న లెక్కలతో రోజూ పేజీలు నింపుతున్నారు, మంచిదే. మన దగ్గర గీసేది డీలిమిటేషన్ కమిషన్. అందులో కూర్చునే ఎంపీలకు, ఎమ్మెల్యేలకు ఓటు లేదు. ఆ ఉత్తర్వు ఒకసారి గెజిట్‌లోకి ఎక్కితే కోర్టులో సవాలు చేయకూడదని చట్టం. కాబట్టి ఏ మండలం ఎటు పోతోందన్నది ముసాయిదా దశలోనే చూసుకోవాలి. అప్పుడు కూడా మీరు ‘కొత్త నియోజకవర్గాల్లో ఆశావహుల సందడి’ అని రాసి ఊరుకుంటారేమోనని నా భయం.

సవరణ వేయమని అడగడం లేదు, వేయరని తెలుసు. 2026 నవంబర్ ఫలితాలు ఇచ్చేటప్పుడు నార్త్ కరోలినా సీట్ల పక్కన ఓట్ల శాతం వేయండి, దానికింద 2022 మ్యాప్, ఇప్పటి మ్యాప్ చిన్నవైనా సరే పక్కపక్కన పెట్టండి. చోటు చాలకపోతే ఆ రోజుకి శాలువా ఫోటో ఒకటి తగ్గించండి.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
కేరీ, నార్త్ కరోలినా