గీత జరిపితే రోగమా?

కొత్త కొలతల పేరుతో ఆరోగ్యవంతులను రోగుల జాబితాలో చేర్చే ధోరణికి వైద్యులే అడ్డుకట్ట వేయాలి. ఈమధ్య హనుమకొండలో మా కాలనీలో జరిగిన ఉచిత శిబిరంలో పరగడుపు చక్కెర 104 వచ్చిందని మా తమ్ముడికి ‘ప్రీడయాబెటిస్’ (చక్కెర వ్యాధికి ముందు దశ) అని రాసి, నెలకు సరిపడా మాత్రలు చేతిలో పెట్టారు. అప్పటి నుంచి అతనికి అన్నం ముందు కూర్చోవాలంటేనే భయం. అమెరికా డయాబెటిస్ సంఘం 2003లో ఈ దశ మొదలయ్యే పరగడుపు చక్కెర హద్దును 110 నుంచి 100కు దించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 110 దగ్గరే ఆగింది. అదే రక్తం, ఒక లెక్కలో తేడా ఉన్నట్టు, మరో లెక్కలో లేనట్టు! రక్తపోటుదీ ఇదే తీరు: 2017లో అమెరికా హృద్రోగ నిపుణులు 140/90ని 130/80కి తగ్గించారు. ముందే పసిగట్టడం మంచిదే, కాదనను. చక్కెర ముదిరాకే మా నాన్న కాలు పోయింది. కానీ హద్దు మీద ఉన్నవారికి తొలిరోజే మందు రాయడమెందుకు? మరోసారి పరీక్షించి, ఏ సంస్థ కొలత ప్రకారం చెబుతున్నారో చీటీపై రాసి, కొన్ని నెలలు నడకకు, తిండి మార్పుకు గడువివ్వాలి. శిబిరాల్లో వైద్యుడి బల్ల పక్కన మందుల కంపెనీ ప్రతినిధులు కూర్చోకుండా జిల్లా వైద్యాధికారులు ఆదేశాలివ్వాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ